సెలవుల తర్వాత సగం కాగితం

పర్లాకిమిడి, ఒడిశా

అమ్మాయ్,

నాలుగో తరగతిలో నువ్వు చెప్పిన పిల్లల్నే అయిదులోనూ నీకే ఇచ్చారని విన్నాను. వాళ్లకి ఎంత మిగిలిందో చూడాలంటే వార్షిక పరీక్ష మార్కులు పక్కన పెట్టు. అవి ముందురోజు రాత్రి చదువుకి పడిన మార్కులు. బడి తెరిచిన మూడో రోజున చూడు. మొదటి రెండు రోజులూ ఒళ్లు బడిలో, మనసు అమ్మమ్మగారింట్లో ఉంటుంది.

ఒక్కొక్కరికి సగం కాగితం ఇచ్చి, పోయినేడు లెక్కల్లో ఏటేటి నేర్చుకున్నారో పది నిమిషాలు రాయమను. మార్కులు లేవని ముందే చెప్పెయ్. తర్వాత పది ప్రశ్నలు: మొదటి నెలల పాఠాలవి నాలుగు, నడిమివి మూడు, ఆఖరివి మూడు. అన్నీ ఆఖరి పాఠాలవే ఇస్తే క్లాసంతా తెలివైనదనిపించి మోసపోతావు. జవాబు ఇంటి మాటలో రాసినా, మధ్యలో ఒడియా మాట పడినా కొట్టెయ్యకు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆ మాత్రం చెల్లుతుంది.

దిద్దడం పిల్లల వారీగా కాదు, ప్రశ్నల వారీగా. ప్రతి ప్రశ్నకీ ఖాళీ ఎందరు, సగం ఎందరు, ధీమాగా తప్పు రాసినవాళ్లు ఎందరో లెక్క వేసుకో. 30 మందిలో 15 మంది ఖాళీ వదిలితే ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిందే. సగం రాసినవాళ్లకి ఒక్క ఉదాహరణ చాలు. ధీమాగా తప్పు రాసినవాళ్లతోనే అసలు పని.

మన పిల్లల్లో ఆ తప్పులు చాలావరకు మరుపు కానే కాదు. ఒడియా నాలుగు అంకె చూపుకి మన 8 లాగే ఉంటుంది. ఇంకోటి, మనం ఇరవై ఆరు అని పదులు ముందు పలుకుతాం, ఒడియాలో ‘ఛబిశ’ అంటే ఆరు ముందు వినబడుతుంది, వాడు 62 వేసేస్తాడు. పలక మీద రెండు గడులు గీయించు. ‘ఛ’ వినగానే కుడి గడిలో 6, ఆనక ఎడమ గడిలో 2. రోజుకి అయిదు అంకెలు, రెండు వారాలు చేయించు.

మర్చిపోయారని కోప్పడకు. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, తన మీదే పరీక్షలు చేసుకుని 1885లో అచ్చు వేయించాడు. మరుపు మొదట్లోనే జోరుగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది. పోయిందనుకున్నది రెండోసారి నేర్చుకోవడానికి తక్కువ సమయం చాలు. అందుకని రోజూ క్లాసు మొదట్లో అయిదు నిమిషాలు మూడు ప్రశ్నలు అడుగు: నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది. నోటితో అడిగితే ముందు బెంచీ ఇద్దరే చెబుతారు, అందరి చేతా పలక మీద రాయించు.

తాడుతో వరండా కొలిపించడం లాంటివి బాగా గుర్తుంటాయంటారు. గుర్తుండేది తాడే, చుట్టుకొలత కాదు! తాడు చుట్టిపెట్టగానే, ‘పొడుగు 12 అడుగులు, వెడల్పు 5 అయితే చుట్టూ ఎంత?’ అని అక్కడికక్కడే రాయించు. 34 బదులు 17 వేసినవాడు రెండు పక్కలే కలిపాడన్నమాట, మళ్లీ తాడు పట్టించి నాలుగు మూలలూ తిప్పు.

ఆ సగం కాగితాలు పారెయ్యకు. డిసెంబరులో అవే పది ప్రశ్నలు చెప్పాపెట్టకుండా మళ్లీ ఇచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న