లండన్ రాబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నీకు వీసా వచ్చిందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆయన గొంతులో సంతోషం కంటే దిగులే ఎక్కువగా వినిపించింది. ముసుగు వేసుకున్న కుర్రాడొకడు బండి మీద దూసుకొచ్చి, నడిచిపోతున్న ఒకావిడ చేతిలోని ఫోన్ లాక్కుపోయిన వీడియో వాట్సాప్‌లో చూశారట. అది చూసినప్పటి నుంచి వదినకు అన్నం సయించడం లేదట. 1998 నుంచి లండన్‌లోని ఈస్ట్ హామ్‌లోనే ఉంటున్నదాన్ని కనుక, ఈ ఊరి గురించి నాకు తెలిసినదంతా ఫోన్‌లో హడావిడిగా చెప్పేకంటే స్థిమితంగా రాసి పంపడం మంచిదనిపించింది.

ఆ వీడియోలోది అబద్ధం కాదు. 2024లో ఒక్క లండన్‌లోనే దాదాపు 80,000 ఫోన్లు చోరీ అయినట్టు పోలీసు లెక్కలు చెబుతున్నాయి. 2020లో ఆ సంఖ్య 30,000 లోపే ఉండేది. అంటే అన్నయ్య భయపడుతున్న నేరం నిజంగానే పెరిగింది. నా ఫోన్ కూడా కొన్నేళ్ల క్రితం మా స్టేషన్ బయటే పోయింది. దారి చూసుకుందామని మ్యాపు తెరిచి రోడ్డు అంచున నిలబడ్డాను, అంతే. దెబ్బ తగలలేదు, ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆ తరువాత ఆరు నెలల పాటు వెనుక నుంచి మోపెడ్ చప్పుడు వినిపిస్తే చాలు, గోడకు ఆనుకుని నిలబడిపోయేదాన్ని. పోయిన ఫోన్ కంటే ఆ ఆరు నెలలే నాకు ఎక్కువ నష్టం చేశాయి. అందుకే నువ్వు భయం లేకుండా ఉండాలని నేను అనను. ఏ విషయంలో ఎంత భయపడాలో ముందే తెలుసుకుని రావాలని కోరుకుంటున్నాను.

ఫోన్ విషయంలో చేయవలసిన పనులు తేలికైనవే. స్టేషన్ నుంచి బయటికి వచ్చాక దారి చూసుకోవాలంటే ఏదైనా దుకాణంలోకి వెళ్లి చూసుకో. రోడ్డు అంచున నిలబడి చూడకు. అవసరం లేనప్పుడు ఫోన్ చేతిలో కాక లోపలి జేబులో ఉండాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ వరుసగా నొక్కితే కనిపించే ఐఎంఈఐ నంబరును, అంటే నీ ఫోన్ గుర్తింపు సంఖ్యను, ఇప్పుడే ఒక కాగితం మీద రాసి అన్నయ్యకు ఇచ్చి రా. బ్యాంకు యాప్‌కూ ఫోన్ తాళానికీ ఒకే పిన్ పెట్టవద్దు. దొంగ చేతికి తాళం తీసి ఉన్న ఫోన్ చిక్కితే అసలు నష్టం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇక ఈ ఊరు ఎంత ప్రమాదకరమైనదనే ప్రశ్నకు వస్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి ఒక సర్వే నడుస్తోంది. గడిచిన ఏడాదిలో మీకు ఏ నేరమైనా జరిగిందా అని కుటుంబాలను నేరుగా అడుగుతారు కనుక, పోలీసు స్టేషను దాకా వెళ్లని నేరాలు కూడా అందులో బయటపడతాయి. ఆ సర్వే ప్రకారం దొంగతనాలు, కొట్లాటల వంటి నేరాలు 1995 ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండి, ఆ తరువాత బాగా తగ్గాయి. అయినా దేశంలో నేరాలు పెరిగాయా అని అడిగితే ఎక్కువమంది పెరిగాయనే చెబుతారు. మీ ఇంటి చుట్టుపక్కల పెరిగాయా అని అడిగితే అంతమంది ఆ మాట అనరు. తన వీధిని మనిషి కళ్లతో చూస్తాడు, దేశాన్ని వార్తల్లో వింటాడు. అన్నయ్యకు లండన్ అంతా వార్తే కనుక ఆయన భయాన్ని నేను తప్పు పట్టను. సుమారు 90 లక్షల మంది ఉన్న ఈ నగరంలో కొన్నేళ్లుగా ఏడాదికి వందకు అటూ ఇటూగా హత్యలు జరుగుతున్నాయి. ప్రతి ఒక్కటీ ఒక ఇంటి దీపం ఆరిపోవడమే, అందులో సందేహం లేదు. కాని కాలేజీకి వెళ్లి వచ్చే అమ్మాయి రోజూ వాటిని తలచుకుంటూ నడవవలసిన స్థితి ఇక్కడ లేదు.

నేరాల మ్యాపు చూసి నగరం నడిబొడ్డున ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్ వైపు అసలు వెళ్లవద్దని అన్నయ్య నీతో అన్నారట. ఆ మ్యాపును ఎలా చదవాలో చెబుతాను. అక్కడ కాపురం ఉండేవారు తక్కువ. ప్రతిరోజూ వచ్చిపోయే పర్యాటకులు, ఉద్యోగులు లక్షల్లో ఉంటారు. జరిగిన దొంగతనాలన్నిటినీ అక్కడ నివసించేవారి సంఖ్యతో భాగిస్తే లెక్క భయంకరంగానే వస్తుంది. అందుకని మ్యాపులోని రంగు చూసి అద్దె గది ఎంచుకోకు. పోలీస్ డాట్ యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఏ వీధి దగ్గర ఏ రకం నేరం జరిగిందో నెలవారీగా చూపిస్తారు. నువ్వు ఉండబోయే వీధిని అందులో చూసుకుని, వీలైతే పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి స్టేషన్ నుంచి ఆ ఇంటి దాకా నడిచి చూడు. నేను నీతో వస్తాను.

ఇంకొక మాట కాస్త కటువుగానే చెప్పాలి. మనవాళ్లు కొందరు కొత్తగా వచ్చిన పిల్లలకు చేసే మొదటి ఉపదేశం నల్లవాళ్లు ఉండే వీధుల్లోకి వెళ్లవద్దని. ఆ మాట నువ్వు నమ్మకూడదు. 2005 జూలై 7న మూడు రైళ్లలోను ఒక బస్సులోను బాంబులు పేలి 52 మంది చనిపోయిన తరువాత, మీ మామయ్య భుజాన సంచి వేసుకుని రైలు ఎక్కితే పక్కనున్నవారు లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. ఆయన ఒంటి రంగు, గడ్డం, ఆ సంచి చాలు వారికి భయపడడానికి. అదే నెల 22న స్టాక్‌వెల్ స్టేషనులో పోలీసులు పొరపాటుపడి, ఏ పాపమూ తెలియని ఒక బ్రెజిల్ యువకుణ్ణి రైలులోనే కాల్చి చంపారు. మనిషి రూపాన్ని చూసి భయపడడం ఎక్కడికి దారి తీస్తుందో ఆ వేసవిలో మేము అవతలి వైపు నిలబడి తెలుసుకున్నాం. కనుక ఎదుటివాడు ఏం చేస్తున్నాడో గమనించు. నీ వెనుకే వస్తున్నాడా, నువ్వు ఆగితే ఆగుతున్నాడా చూడు. రంగు, తలమీది టోపీ నీకు ఏమీ చెప్పవు.

పైగా ఇన్నేళ్లలో మా ఇంటికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్న విద్యార్థుల్లో ఎక్కువమంది మోసపోయింది వీధిలో కాదు, మన భాష మాట్లాడేవారి చేతిలోనే. ఒక అబ్బాయి హైదరాబాదులో ఉండగానే, గది ఫోటోలు చూసి, తెలుగువాడే కదా అని రెండు నెలల అద్దె పంపాడు. ఇక్కడికి వచ్చి చూస్తే ఆ ఇంటి యజమానికి ఆ సంగతే తెలియదు. ఆ రాత్రి పెట్టెలతో సహా మా హాల్లో పడుకున్నాడు. అందువల్ల కళ్లతో చూడని గదికి ఒక్క పౌండు కూడా పంపకు. యజమాని నుంచి నేరుగా ఇల్లు అద్దెకు తీసుకుంటే, నువ్వు కట్టిన డిపాజిట్‌ను ఆయన 30 రోజుల్లోగా ప్రభుత్వం అనుమతించిన పథకంలో ఉంచి, ఆ వివరాలు నీకు ఇవ్వాలి. సాధారణంగా ఆ డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు. అయితే మనవారి ఇళ్లలో, యజమాని కుటుంబం కూడా ఉంటున్న చోట ఒక గదిలో చేరితే ఆ డిపాజిట్ రక్షణ నీకు వర్తించదు. అలాంటప్పుడు రసీదు రాయించుకో, డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానే చెల్లించు. మొహమాటపడకు, రసీదు అడిగితే కోపం తెచ్చుకునే మనిషి ఇంట్లో అసలు చేరకు.

ఖాతా విషయంలో ఇంతకంటే జాగ్రత్తగా ఉండాలి. నీ ఖాతాలో కొంత డబ్బు వేస్తాం, ఫలానా చోటికి పంపితే కమిషన్ ఇస్తామని ఎవరైనా అంటే, వారు ఎంత చదువుకున్నవారైనా, ఎంత దగ్గరివారైనా ఒప్పుకోకు. అది దొంగ సొమ్మును కడిగే పని. చట్టం ప్రకారం ఆ నేరానికి 14 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోమ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, వెంటనే జరిమానా కట్టకపోతే వీసా రద్దవుతుందని ఫోన్ వస్తే పెట్టేసి నాకు చెప్పు. మన దగ్గర డిజిటల్ అరెస్టు అంటూ జనాన్ని దోచుకుంటున్న మోసం లాంటిదే ఇదీ. హోమ్ ఆఫీసు ఎప్పుడూ అలా ఫోన్ చేసి డబ్బు అడగదు.

రాత్రి ప్రయాణాల గురించి వదిన ప్రత్యేకంగా అడిగారు. చదువుకుంటూ పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తే కొన్నిసార్లు ఆలస్యం తప్పదు. నైట్ బస్సు ఎక్కితే కింది అంతస్తులోనే, డ్రైవరుకు దగ్గరగా కూర్చో. నల్ల ట్యాక్సీలు తప్ప వేరే అద్దె కార్లు ముందుగా బుక్ చేయకుండా రోడ్డు మీద మనుషుల్ని ఎక్కించుకోవడం ఇక్కడ చట్టానికి విరుద్ధం, అలా ఎక్కడం ప్రమాదం కూడా. మిగతావి ముందుగా బుక్ చేసుకుని, నంబరు సరిచూసుకుని ఎక్కాలి. రైలులో ఎవరైనా ఒంటికి తగులుతూ నిలబడినా, అదే పనిగా చూస్తూ ఇబ్బంది పెట్టినా అది చిన్న విషయమని సర్దుకుపోవద్దు. 61016కు మెసేజ్ పంపితే రైల్వే పోలీసులు స్పందిస్తారు. ప్రాణాపాయం ఉంటే 999, అంత తొందర లేకపోతే 101. మాట్లాడే వీలు లేనప్పుడు మొబైల్ నుంచి 999కు చేసి, అవతలి నుంచి అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకు కలుపుతారు; అయితే దానివల్ల నువ్వు ఎక్కడున్నావో వారికి దానంతట అదే తెలియదు, కనుక వాళ్లు అడిగేవి జాగ్రత్తగా వినాలి. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాదు, పర్సులో కాగితం మీద కూడా ఉండాలి, ఎందుకంటే పోయేది ఫోనే కావచ్చు.

నీ పెట్టెలోంచి రెండు వస్తువులు తీసేయమని వదినకు చెప్పు. మొదటిది ఆవిడ కొని పెట్టిన పెప్పర్ స్ప్రే. ఇక్కడ అది ఆయుధాల చట్టం కింద నిషిద్ధం. ఆత్మరక్షణ కోసమని చెప్పినా కుదరదు, నీ మీదే కేసు పెడతారు. దాని బదులు పిన్ లాగితే గట్టిగా మోగే చిన్న అలారం ఇక్కడ దొరుకుతుంది, నేను కొని ఉంచాను. రెండోది నాయనమ్మ గాజులు. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసు. అందుకే దీపావళి రోజుల్లో పోలీసులు మా వైపు ప్రత్యేకంగా హెచ్చరిస్తుంటారు. నలుగురు పంచుకునే ఇంట్లో తాళం లేని గదిలో ఆ గాజులు పెట్టుకుని నువ్వు నిద్రపోలేవు. వాటిని గుంటూరులో లాకరులోనే ఉండనీ.

ఏదైనా పోగొట్టుకున్నా, మోసపోయినా ముందు నాకు చెప్పు. అన్నయ్య, వదిన కంగారు పడతారని దాచిపెట్టి, ఒక్కదానివే కుమిలిపోకు; వారికి ఎప్పుడు, ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. మొదటి నెలంతా రోజూ రాత్రి గదికి చేరగానే వదినకు ఒక్క మెసేజ్ పంపు, ఆవిడ భోజనం చేస్తారు.

హీత్రో విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటికి వచ్చే చోటే మేము నిలబడి ఉంటాం. అక్కడ ఎవరైనా ట్యాక్సీ కావాలా అంటూ దగ్గరికి వస్తే వద్దని చెప్పి, మేము కనిపించేదాకా లోపలే ఉండు. చలికోటు కొనవద్దు, నా దగ్గర రెండున్నాయి.

ఇట్లు,
మీ అత్త