టెక్ సందేహాలు: కెమెరా బాడీ మార్చే ముందు లెన్స్ సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి అండర్-15 బ్యాడ్మింటన్ ఆడుతుంది. టోర్నమెంట్లన్నీ ఇండోర్ హాళ్లలోనే. నా దగ్గర కెనాన్ 1500డీ, దాంతో వచ్చిన 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. ఐఎస్‌ఓ 6400 పెట్టినా షట్టర్ స్పీడ్ 1/250 దాటడం లేదు. చెయ్యి, రాకెట్ మసకగా వస్తున్నాయి, పైగా ఫొటో నిండా గ్రెయిన్. ఫ్లాష్ వాడనివ్వరు. షాపులో అడిగితే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) అయితే ఈ బాధలేవీ ఉండవని, కెనాన్ ఆర్8ను 24-50 కిట్ లెన్స్‌తో తీసుకోమని చెప్పారు. లక్షన్నరకు మించి పెట్టలేను. ఏం కొనమంటారు? (గుంటూరు నుంచి ఒక తండ్రి)

జవాబు: ఆ కిట్ మాత్రం కొనకండి. ఆర్8 మంచి కెమెరానే. దాంతోపాటు అంటగట్టే లెన్స్‌తోనే వస్తుంది చిక్కంతా.

మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, దాని ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పెరుగుతుంది. షట్టర్ స్పీడ్ అంటే ఆ వెలుతురు పడే సమయం. ఐఎస్‌ఓ అంటే దాన్ని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ గ్రెయిన్ అనే చుక్కలు ఎక్కువవుతాయి. 55-250ని పూర్తిగా జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్5.6కు మించి తెరుచుకోదు. ఆ హాల్లో ఎఫ్5.6, ఐఎస్‌ఓ 6400 దగ్గర మీకు దొరుకుతున్న షట్టర్ 1/250. బ్యాడ్మింటన్‌లో ఆటగాళ్ల కదలిక ఆగినట్టు కనిపించాలంటే కనీసం 1/800, కుదిరితే 1/1000 కావాలి. అంటే ఇప్పుడున్న వెలుతురుకు నాలుగింతలు మీకు ఎక్కడినుంచో రావాలి. ఫొటోగ్రాఫర్ల భాషలో రెండు స్టాపులు. ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపవుతుంది.

షాపువాళ్లు చెప్పిన దారి చూడండి. 1500డీలో ఉన్నది ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్). ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం దానికి సుమారు రెండున్నర రెట్లు. గ్రెయిన్ విషయంలో దానివల్ల కలిసొచ్చేది స్టాప్ కంటే కొంచెం ఎక్కువ. కానీ ఆ 24-50 లెన్స్ అపర్చర్ ఎఫ్4.5-6.3. జూమ్ చేస్తే మీ పాత లెన్స్ కంటే ఇంకా చీకటి. సెన్సర్ ఇచ్చినదాంట్లో కొంత లెన్స్ లాగేసుకుంటే చివరికి మిగిలేది ఒక్క స్టాప్. మరో ఇబ్బంది కూడా ఉంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 50 ఎంఎం అంటే మీ 1500డీలో జూమ్‌ను 31 దగ్గర పెట్టి తీసినట్టు. కోర్టు పొడవే 13.4 మీటర్లు. అవతలి వైపు ఆడుతున్న అమ్మాయి ఫొటోలో బొటనవేలంత కనిపిస్తుంది. పోనీ మీ 55-250నే ఆర్8కు తగిలిద్దామా అంటే, అది ఏపీఎస్-సీ కోసం చేసిన లెన్స్ కాబట్టి కెమెరా చుట్టూ కత్తిరించి సుమారు 9 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తుంది. డబ్బు పెట్టి కొన్న పెద్ద సెన్సర్‌లో సగానికి పైగా వాడకుండా వదిలేసినట్టే.

ఇప్పుడు లెన్స్ దారి చూద్దాం. కెనాన్ ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్1.8 యూఎస్ఎం అని ఒక పాత లెన్స్ ఉంది. దాన్ని మీ 1500డీకే తగిలించి ఎఫ్2 దగ్గర పెట్టండి. ఎఫ్5.6 నుంచి ఎఫ్2కు మూడు స్టాపులు. అందులో రెండు షట్టర్‌కు ఇస్తే 1/1000 వచ్చేస్తుంది. మిగిలిన ఒకటి ఐఎస్‌ఓకు ఇస్తే 6400 కాస్తా 3200కు దిగుతుంది. చెయ్యీ మసకబారదు, గ్రెయినూ తగ్గుతుంది. కెమెరా పాతదే! జూమ్ ఉండదు, నిజమే. కానీ ఏపీఎస్-సీ మీద 85 అంటే ఫుల్‌ఫ్రేమ్ మీద 136 ఎంఎం ఇచ్చే దృశ్యంతో సమానం. బేస్‌లైన్ వెనక మూలన నిలబడితే అవతలి కోర్టులో నెట్ దగ్గరకొచ్చిన మనిషి నిలువునా సరిపోతుంది. ఆ మనిషి వెనక్కి వెళ్తే కొంచెం క్రాప్ చేసుకోవాలి. 24 మెగాపిక్సెళ్లు ఉన్నది అందుకే కదా.

ఎఫ్2తో ఒక పేచీ ఉంది, ముందే చెప్తున్నా. ఎనిమిది మీటర్ల దూరంలో ఈ లెన్స్‌తో స్పష్టంగా ఉండేది రెండడుగుల పైచిలుకు లోతు మాత్రమే. ముఖం మీద ఫోకస్ కుదిరితే ముందుకు చాచిన రాకెట్ కొంచెం మెత్తగా రావచ్చు. ముఖం షార్ప్‌గా ఉంటే రాకెట్‌ను ఎవరూ పట్టించుకోరు. కానీ ఫోకస్ ముఖాన్ని వదిలి వెనక కూర్చున్న అంపైర్ మీదికి పోయిందా, ఆ ఫొటో ఇక డిలీటే. బాడీ మార్చాల్సిన అసలు అవసరం ఇక్కడే వస్తుంది. ఐఎస్‌ఓ సంగతి దాని తర్వాతే.

1500డీలో ఉన్నవి తొమ్మిది ఫోకస్ పాయింట్లు. వాటిలో క్రాస్ టైప్ (నిలువు, అడ్డ గీతలు రెండింటినీ పట్టగలిగేది) మధ్యలోది ఒక్కటే. సెకనుకు మూడు ఫొటోలు. నిలబడ్డ మనిషికి ఇది చాలు. నెట్ నుంచి వెనక్కి ఉరికి, గాల్లోకి లేచి స్మాష్ కొట్టే పిల్లను ఆ మధ్య పాయింట్ కిందే పట్టి ఉంచడం చాలా కష్టం. లోపల అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరా కెనాన్ ఆర్10 అయితే సెన్సర్ సైజు అదే, మెగాపిక్సెళ్లూ దాదాపు అన్నే. గ్రెయిన్‌లో పెద్ద తేడా ఆశించకండి. కానీ మనిషిని, ముఖాన్ని, కన్నును తనే గుర్తుపట్టి ఫ్రేమ్‌లో ఎక్కడికి వెళ్లినా వెంటాడుతుంది. మెకానికల్ షట్టర్‌తోనే సెకనుకు 15 ఫొటోలు. రాకెట్ ముఖానికి అడ్డొచ్చినా తలను వదలకుండా పట్టుకుంటుంది. వందలో మీరు దాచుకునే ఫొటోలు పెరిగేది ఇందువల్లే.

అందుకని నా సలహా ఇది. ముందు 85 ఎఫ్1.8 ఒక్కటే కొనండి. పాత బాడీతోనే ఒకట్రెండు టోర్నమెంట్లు తీయండి. అప్పటికీ ఫోకస్ దగ్గరే విసుగొస్తుంటే ఆర్10 బాడీ, దాంతోపాటు ఈఎఫ్ లెన్సులకు కెనాన్ అమ్మే ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ తీసుకోండి. అడాప్టర్‌లో అద్దాలేవీ ఉండవు కాబట్టి నాణ్యత తగ్గదు, ఫోకస్ వేగమూ తగ్గదు. కొత్త ఆర్ఎఫ్ 85 ఎఫ్2 కొనమని ఎవరైనా అంటే వద్దనండి. పోర్ట్రెయిట్లకు బ్రహ్మాండం, కానీ దాని ఫోకస్ ఆటల వేగాన్ని అందుకోదు. ఇవన్నీ కలిపినా లక్షన్నరలో కొంత మిగలాలి, ధరలు మాత్రం కొనే రోజున చూసుకోండి. మిగిలింది సెకండ్ హ్యాండ్ 70-200 ఎఫ్2.8కు దాచండి. ఇండోర్ ఆటలకు అంతకు మించిన జూమ్ లేదు. కొనేలోపు ఒక రోజు అద్దెకు తెచ్చుకుని చూడండి. దాని బరువు మీ భుజానికి పడుతుందో లేదో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది.

బాడీలో స్టెబిలైజేషన్ ఉందా అని షాపులో అడక్కండి. 1/1000 దగ్గర మీ చెయ్యి వణికినా కనిపించదు. ఆటగత్తె కదలికను అది ఎలాగూ ఆపలేదు. ఆ డబ్బు అదనపు బ్యాటరీకి పెట్టండి, మిర్రర్‌లెస్ బ్యాటరీ ఒక్కటి రోజంతా రాదు.

షటిల్ కూడా గాల్లో ఆగినట్టు రావాలని కొందరు పట్టుబడతారు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డుకెక్కాడు. ఆ వేగంలో 1/1000 సెకనులోనే షటిల్ దాదాపు 16 సెంటీమీటర్లు దూసుకెళ్తుంది. పిల్లల ఆటలో అంత వేగం ఉండదు, అయినా షటిల్ వెంట పడకండి. అది గీతలా వస్తేనే దెబ్బలో ఊపు కనిపిస్తుంది.

సెట్టింగుల మాట. హాల్లో లైట్లు మారవు కాబట్టి మాన్యువల్ మోడ్‌లో ఎఫ్2, 1/1000, ఐఎస్‌ఓ 3200 పెట్టి అక్కడి నుంచి అటూ ఇటూ సర్దుకోండి. ఆటోలో వదిలేస్తే వెనకున్న నల్ల తెరను చూసి కెమెరా ముఖాన్ని తెల్లగా పేల్చేస్తుంది. ఫోకస్‌ను సర్వోలో (కదిలే మనిషిని వెంటాడే మోడ్‌లో) ఉంచండి. ఫొటోలు రా ఫార్మాట్‌లో (కెమెరా సవరించని ముడి ఫైలుగా) తీయండి. ఫొటోలు సవరించే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో 2023 నుంచి ఉన్న ఏఐ డీనాయిజ్ లాంటివి ఐఎస్‌ఓ 6400 గ్రెయిన్‌ను కూడా నమ్మలేనంతగా శుభ్రం చేస్తున్నాయి. మసకబారిన చేతిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. అందుకే ఎటూ తేల్చుకోలేనప్పుడు ఐఎస్‌ఓ పెంచండి గానీ షట్టర్ తగ్గించకండి.

ప్రశ్న: ఆర్10తో మా కాలేజీ కబడ్డీ తీస్తున్నాను. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫొటోకు అడ్డంగా నల్లచారలు పడుతున్నాయి. మెకానికల్‌కు మార్చితే చారలు పోయాయి గానీ, వరసగా తీసిన ఫొటోల్లో ఒకటి బాగుంటే ఇంకొకటి చీకటిగా, పచ్చగా వస్తోంది. సెన్సర్ పాడైందా? (కరీంనగర్)

జవాబు: సెన్సర్‌కేమీ కాలేదు, సర్వీస్ సెంటర్‌కు తిరగకండి. తప్పు లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల పాత ట్యూబులు, మెటల్ హలైడ్ దీపాలు సెకనుకు వందసార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతూ మెరుస్తుంటాయి. మన కంటికి తెలియదు. 1/1000 షట్టర్‌తో మీరు పట్టుకునేది ఆ మెరుపులో పదో వంతు. అది వెలుగు హెచ్చినప్పుడు దొరికితే ఫొటో బాగుంటుంది, తగ్గినప్పుడు దొరికితే చీకటి, రంగు కూడా మారిపోతుంది. మెనూలో యాంటీ-ఫ్లికర్ షూటింగ్ ఆన్ చేయండి. వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం కోసం కెమెరా ఆగి మరీ షట్టర్ వదులుతుంది. సెకనుకు వచ్చే ఫొటోలు కొంచెం తగ్గుతాయి, తగ్గనివ్వండి.

ఎలక్ట్రానిక్ షట్టర్‌కు ఈ సదుపాయం పనిచేయదు. అది సెన్సర్‌ను పైనుంచి కిందికి వరసలుగా చదువుతుంది. చదివేలోపు లైటు మెరిసి ఆరుతుంటే చారలు పడతాయి. రైడర్ కాలు విసిరితే ఆ కాలు వంకరగా కూడా వస్తుంది. సోనీ ఏ9 లాంటి స్టాక్డ్ సెన్సర్ కెమెరాలు చాలా వేగంగా చదువుతాయి కాబట్టి వాటిలో ఈ గోల తక్కువ, కానీ వాటి ధర వేరే లోకం. కబడ్డీలో కూతకు, జనం ఈలలకు మధ్య మీ షట్టర్ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది చెప్పండి? మెకానికల్‌లోనే ఉంచేయండి. చుట్టూ ప్రకటనల ఎల్ఈడీ బోర్డులుంటే వాటి మీద మాత్రం చారలు అప్పుడప్పుడూ వస్తాయి. మ్యాచ్ మొదలయ్యేలోపు ఒక పాతిక ఫొటోలు తీసి, స్క్రీన్ మీద పెద్దవి చేసి చూసుకోండి.

ప్రశ్న: కోఠిలో వాడిన నికాన్ డీ500 బేరానికి వచ్చింది. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ పనిచేసిన సార్లు) 90 వేలు అంటున్నారు. నా దగ్గర నికాన్ 85 ఎఫ్1.8జీ ఉంది. వాలీబాల్, బాస్కెట్‌బాల్ తీస్తాను. ఇంత పాత కెమెరా ఇప్పుడు కొనొచ్చా? (కాకినాడ)

జవాబు: నికాన్ లెన్స్ చేతిలో ఉంది కాబట్టి కొనొచ్చు. 2016 మోడల్ అయినా 153 ఫోకస్ పాయింట్లు, సెకనుకు 10 ఫొటోలు ఇప్పటికీ చిన్నవేం కాదు. చీకటి హాల్లో దీని ఫోకస్ చాలా కొత్త కెమెరాలకు తీసిపోదు. అయితే కన్నును వెంటాడే తెలివి వ్యూఫైండర్‌లో ఉండదు. పాయింట్‌ను ఆటగాడి మీద పెట్టి ఉంచడం మీ పనే. అది అలవాటున్న చేతికి మంచి బేరం, అలవాటు లేకపోతే కొంచెం ఆగి మిర్రర్‌లెస్‌కు వెళ్లడం మేలు.

షట్టర్‌ను రెండు లక్షల సార్లకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. 90 వేలంటే సగానికి దగ్గర, భయపడక్కర్లేదు. 90 వేలని అమ్మేవాళ్లు చెప్పిన మాట నమ్మక్కర్లేదు కూడా. నికాన్‌లో ఆ సంఖ్య ఫొటోలోనే దాగి ఉంటుంది. మీ కార్డు పెట్టి ఒక జేపీఈజీ తీసి, ఎగ్జిఫ్ (ఫొటోలో దాగిన వివరాలు) చూపించే ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కనిపిస్తుంది. కార్డుల విషయం కూడా గుర్తుంచుకోండి. ఇందులో ఒక స్లాట్ ఎస్‌డీ, రెండోది ఎక్స్‌క్యూడీ అనే వేరే రకం మెమరీ కార్డుకు. ఎక్స్‌క్యూడీ కోసం తిరగకుండా వేగమైన యూహెచ్‌ఎస్-2 ఎస్‌డీ కార్డుతో నడిపించేయొచ్చు.

మీ 85 లెన్స్‌ను కూడా ఒకసారి చూసుకోండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో లెన్స్ లోపల ఫంగస్ పట్టడం మామూలే. వెనక మూత తీసి, అపర్చర్ తెరిచి, ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి మరోవైపు నుంచి వాలుగా చూడండి. సాలెపోగుల్లాంటి తెల్లటి తీగలు కనిపిస్తే శుభ్రం చేయించకుండా కొత్త బాడీకి తగిలించకండి. దాన్ని బ్యాగులో పెట్టి బీరువాలో దాచకుండా, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. ఇక కోఠి బేరంలో పాత యజమాని బిల్లు అడగండి. అది లేకపోతే కనీసం సీరియల్ నంబరు రాసిన షాపు రసీదైనా తీసుకోండి. ఆ రెండూ ఇవ్వకపోతే ఎంత చవకైనా వదిలేయండి.