తొలి కొలువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీకాం అయ్యాక మూడు నెలల గ్రాఫిక్ డిజైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకున్నాను. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్ వచ్చు. హైదరాబాద్ ఏజెన్సీలకు రెజ్యూమె పంపుతూనే ఉన్నాను, ఒక్క జవాబూ లేదు. డిజైన్ డిగ్రీ లేకపోవడమే కారణమా?
– ఒక పాఠకురాలు, నయీంనగర్, హన్మకొండ

జవాబు: డిగ్రీ కాదమ్మా. మీ ఉత్తరంలో సర్టిఫికెట్ ఉంది, సాఫ్ట్‌వేర్ పేర్లున్నాయి, పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల సంకలనం, ఊసే లేదు. చిక్కంతా అక్కడుంది. 'ఫోటోషాప్ వచ్చు' అన్న మాట వంద రెజ్యూమెల్లో ఉంటుంది. చేసిన పని కళ్లముందు పెట్టనిదే డిజైనర్‌ను ఎవరూ పిలవరు.

ఆరు నుంచి ఎనిమిది పనులు చాలు. ఎక్కువ పెడితే బలహీనమైనవే ముందు కంటపడతాయి. కోర్సులో అందరిచేతా చేయించిన కాఫీ షాపు లోగో, జ్యూస్ పోస్టర్ తీసేయండి. అదే ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన మిగతావాళ్లూ అవే పంపుతారు. కాన్వా యాప్‌లో సిద్ధంగా దొరికే టెంప్లేట్‌లో పేరు మార్చినవీ వద్దు.

క్లయింట్లు లేకుండా పనులెక్కడివి అంటారా? మీ చుట్టూ ఉన్నాయి. వరంగల్ కొత్తవాడ మగ్గాలనే తీసుకోండి. అక్కడి జంపఖానాలకు 2018లో జీఐ (ఆ ఊరి ప్రత్యేక ఉత్పత్తి అనే) గుర్తింపు వచ్చింది. వాటికి ఒక గుర్తు, ధర ట్యాగు, చుట్టకు వేసే కాగితపు పట్టీ, నాలుగు ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు తయారు చేయండి. పెన్సిల్ స్కెచ్, పక్కన పెట్టేసిన రెండు ఆలోచనలు, వాటినెందుకు వద్దనుకున్నారో రెండు వాక్యాలు, చివరి డిజైన్ – ఈ వరుసలో చూపించండి. కింద 'సొంతంగా చేసిన ప్రాజెక్టు' అని రాయడం మరవద్దు. లేని క్లయింటును ఉన్నట్టు రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

రెండో పని ప్రింటుకు సంబంధించినదై ఉండాలి. రామప్ప గుడికి 2021లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది కదా, అక్కడికొచ్చే యాత్రికులకు మూడు భాగాలుగా మడిచే కరపత్రం చేయండి. ఏ4 కాగితం పొడవు 297 మి.మీ. దాన్ని సమానంగా 99 చొప్పున పంచితే లోపలికి మడిచే భాగం అంచు మడతకు తగిలి ఉబ్బుతుంది. అందుకే లోపలి భాగానికి 97, మిగతా రెండింటికి 100 చొప్పున ఇవ్వాలి. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరించే గీత దాటి రంగు) వదలండి, లేకపోతే కటింగ్‌లో అంచున తెల్లగీత మిగులుతుంది. ఫోటోలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. రంగులు సీఎంవైకేలోకి, అంటే ప్రింటింగ్ సిరాల పద్ధతిలోకి, మార్చి చూసుకోండి. తెరమీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీద వెలిసిపోతుంది. ఒక కాపీ ప్రింటు తీయించి, మడిచి, పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టండి. పని చివరిదాకా పూర్తిచేయగలరని ఆ ఫోటోయే చెబుతుంది.

ఇక మీ అసలు బలం తెలుగు. దీన్ని చాలామంది పిల్లలు చిన్నచూపు చూస్తున్నారు, మాకు బాధగా ఉంది. తెలుగు చదవడం రానివాళ్లు పోస్టర్ చేస్తే 'స్వాగతం'లో వత్తు ఊడి 'స్‌వాగతం' అయినా పట్టుకోలేరు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా విడిపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్‌రెడీ కంపోజర్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు వాడుతున్నారు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగుర్తులు వస్తాయి. అందుకే ఫైలు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చాలి, మార్చని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోవాలి. యూనికోడ్‌లో రామభద్ర, మల్లన్న, మండలి వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కనీసం రెండు పనులు పూర్తిగా తెలుగు అక్షరాలతోనే చేయండి.

అన్నీ కలిపి 10 ఎంబీలోపు ఒకే పీడీఎఫ్ చేయండి. 'ఫైనల్ న్యూ 2' కాదు, మీ పేరే ఫైలు పేరు. మెయిల్ ఐదారు వాక్యాలు మించొద్దు. ఆ ఏజెన్సీ చేసిన ఫలానా పనికి మీ పోర్ట్‌ఫోలియోలో ఏ పేజీ దగ్గరగా ఉందో చెప్పండి. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేస్తే తప్పులేదు.

ప్రశ్న: వీడియో ఎడిటర్‌గా ప్రయత్నిస్తున్నాను. ఒకచోట టెస్ట్ పేరుతో పన్నెండు నిమిషాల వీడియో మొత్తం ఎడిట్ చేసివ్వమన్నారు, డబ్బు మాట ఎత్తలేదు. ఇంకోచోట ల్యాప్‌టాప్ ఇస్తాం, ఐదు వేలు డిపాజిట్ కట్టమన్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండోదానికి జవాబు ఒక్కటే: కట్టకండి. ఉద్యోగమిచ్చేవాళ్లు మీ దగ్గర డబ్బు తీసుకోరు. ఇప్పటికే ఆన్‌లైన్‌లో పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

టెస్ట్ అడగడం మాత్రం మామూలే. కాకపోతే ఒక నిమిషం ముక్క చాలు మీ చేయి తెలియడానికి. 'సార్, మొదటి నిమిషం చేసి చూపిస్తాను, నచ్చితే మిగతాది మాట్లాడుకుందాం' అని మర్యాదగా చెప్పండి. ఆ ముక్కను తక్కువ క్వాలిటీలో, తెరమీద మీ పేరు కనిపించేలా పంపండి. దానికి ఒప్పుకోనివాళ్లకు కావలసింది ఎడిటర్ కాదు, ఉచితంగా వీడియో. షోరీల్ (మీ పనుల్లోని ముక్కలు కలిపిన వీడియో) నిమిషంన్నర దాటొద్దు, మీ మంచి కట్ మొదటి పది సెకన్లలోనే పడాలి. జానపద పాటల ఛానళ్లకు పంపేటప్పుడు దరువు మీద కట్ పడిన ముక్క ఒకటి తప్పక ఉంచండి, వాళ్లు ముందు చూసేది అదే.

ప్రశ్న: మావాడు డిగ్రీ చదివాడు. ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా రమ్మంటున్నారు. చేరితే వాడి స్థాయి తగ్గుతుందేమోనని భయం.
– ఒక తండ్రి, మంచిర్యాల

జవాబు: తగ్గదండీ, చేరమనండి. పది అడుగులు, ఆరు అడుగుల ఫ్లెక్సీకి 72 డీపీఐ పెడితే 8640, 5184 పిక్సెళ్లు సరిపోతాయి, దూరం నుంచి చూసేదే కాబట్టి. అలవాటుకొద్దీ 300 పెడితే ఫైలు బరువుకు కంప్యూటర్ మొరాయిస్తుంది. ఫ్రేముకు మడిచేందుకు అంచున రెండు మూడు అంగుళాలు వదలకపోతే ఫోన్ నంబరు చెక్క వెనక్కి పోతుంది. ఇలాంటివి షాపులో వారంలో ఒంటబడతాయి. ఎదురుగా నిలబడ్డ కస్టమర్‌తో మాట్లాడటమూ అక్కడే వస్తుంది.

అయితే చేరేముందే జీతం, పనివేళలు, ఆదివారం సెలవు ఉందో లేదో అడిగి తేల్చుకోవాలి. చేసిన డిజైన్ల కాపీలు యజమాని అనుమతితో దాచుకోవాలి. ఏడాది తర్వాత కూడా పాత ఫైల్లో ఫోటోలు మార్చడమే పనైతే వేరేచోటు చూసుకోవాలి. ఈలోగా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం 'నాట్స్' పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌లు అందులో ఉంటాయి.