ప్రైమరీలో ఓడినవాళ్లు ఇండిపెండెంట్‌గా దిగితే ఓట్లు చీలతాయా?

"అమెరికాలో ప్రైమరీలో ఓడిన అభ్యర్థి ఇండిపెండెంట్‌గా నిలబడితే సొంత పార్టీ ఓట్లు చీల్చి అవతలివాళ్లను గెలిపించినట్టే కదా" అని ఒకరు అడిగారు. ప్రైమరీ అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ముందస్తు ఎన్నిక. ప్రతిసారీ అలా జరగదు. ఆ అభ్యర్థికి పడే ఓట్లు అసలు ఎవరివి అన్నది చూడాలి. నేను న్యూయార్క్‌లో క్వీన్స్‌లో ఉంటాను, 2025 మేయర్ ఎన్నికను దగ్గర్నుంచి చూశాను, ఓటూ వేశాను.

జూన్‌లో డెమోక్రటిక్ ప్రైమరీలో మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమో జోహ్రాన్ మమ్‌దానీ చేతిలో ఓడిపోయారు, అయినా నవంబర్‌లో జరిగిన అసలు ఎన్నికలో ఇండిపెండెంట్‌గా బరిలో ఉన్నారు. చాలా రాష్ట్రాల్లో ఇలా కుదరదు, ప్రైమరీలో ఓడితే ఆ ఏడాది బ్యాలెట్‌లో పేరు రాకుండా ఏదో ఒక చట్టం అడ్డుపడుతుంది. న్యూయార్క్‌లో అలాంటి అడ్డు లేదు. దాంతో డెమోక్రాట్ల ఓట్లు చీలి రిపబ్లికన్ కర్టిస్ స్లీవా బయటపడతారేమో అని మొదట్లో మా వాళ్లు కొందరు టెన్షన్ పడ్డారు. జరిగింది వేరు. 2021లో దాదాపు 28 శాతం తెచ్చుకున్న స్లీవా ఈసారి 7 శాతం దగ్గర ఆగిపోయారు, అంటే రిపబ్లికన్ ఓటే క్యూమో వైపు మళ్లింది. క్యూమోకి 41 శాతం వచ్చింది, మమ్‌దానీ సగానికి పైగా తెచ్చుకున్నారు కాబట్టి మిగతా ఇద్దరివీ కలిపినా చాలవు.

కనెక్టికట్‌లో 2006లో కూడా ఇంతే. సెనేటర్ జో లీబర్‌మన్ ప్రైమరీలో నెడ్ లామంట్ చేతిలో ఓడి, విడిగా పోటీ చేసి, రిపబ్లికన్ల ఓట్లతో ఏకంగా గెలిచారు.

కానీ చీలిక నిజంగా కొంప ముంచిన ఎన్నికా మా న్యూయార్క్‌లోనే ఉంది, 1980 సెనేట్ ఎన్నిక. అప్పటి సెనేటర్ జేకబ్ జావిట్స్ రిపబ్లికన్ ప్రైమరీలో ఆల్ డమాటో చేతిలో ఓడి, లిబరల్ పార్టీ తరఫున పోటీలో కొనసాగారు, 11 శాతం తెచ్చుకున్నారు. నష్టపోయింది మాత్రం డెమోక్రాట్ ఎలిజబెత్ హోల్ట్జ్‌మన్. డమాటో ఒక్క శాతం పైచిలుకు తేడాతో గెలిచారు. జావిట్స్ ఉదారవాది, ఆయన లేకపోతే ఆ ఓట్లలో చాలావరకు ఆమెకే పడేవని నా నమ్మకం.

నాకు కోపం తెప్పించేది ఓడినవాళ్లు నిలబడటం కాదు, నవంబర్ బ్యాలెట్. జూన్ ప్రైమరీలో ఐదుగురి దాకా వరుసగా ర్యాంకులు ఇవ్వనిచ్చిన ఈ నగరం, నవంబర్‌కి వచ్చేసరికి ఒక్క పేరు పక్కనే గుండ్రం నింపమంటుంది. మా బావ స్లీవా అభిమాని. "బావా, స్లీవాకి వేస్తే నీ ఓటు వృథా" అని ఇంట్లో అందరం మీద పడ్డాం. "నచ్చినవాడికి వేస్తే వృథా ఎలా అవుతుందిరా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. చివరికి మనసొప్పకుండానే క్యూమోకి వేసొచ్చాడు. జూన్‌లోలాగే ర్యాంకులు ఉంటే స్లీవాకి మొదటిది, క్యూమోకి రెండోది ఇచ్చేవాడు, స్లీవా పోటీలోంచి తప్పిపోతే ఆ ఓటు క్యూమోకి వెళ్లేది. మేయర్ ఎన్నికలో నవంబర్‌కి కూడా ర్యాంకులు పెట్టమని మా కౌన్సిల్ సభ్యురాలికి రాశాను, ఇక్కడ ఓటున్న మీరూ రాయండి.