సమాధానం: ట్యాంకు సగానికి దిగాక మలుపుల్లో ఆగిపోతున్న అంబాసిడర్

అన్నా, రెండు పెట్రోలు పంపులు కొన్నా మీ అంబాసిడర్ మలుపుల్లో ఆగిపోతోందన్నారు కదా, మూడో పంపు కొని డబ్బులు తగలెయ్యకండి. ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజిన్ బిగించారు సరే, ట్యాంకు కార్బురేటర్ కాలం నాటిదే కదా. మలుపులో పెట్రోలు పక్కకి జరిగితే పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటర్‌కైతే దాని ఫ్లోట్ గిన్నెలో కొంత పెట్రోలు నిల్వ ఉంటుంది, ఆ తేడా తెలియదు. ఇంజెక్టర్లకి సుమారు 3 బార్ ప్రెషర్ ఆగకుండా అందాలి.

డిక్కీలో లీటరున్నర సర్జ్ ట్యాంకు (పంపుకి ఎప్పుడూ పెట్రోలు అందేలా ఉంచే చిన్న ట్యాంకు) బిగించండి. దాన్ని లో ప్రెషర్ పంపు నింపాలి, అడుగు నుంచి హై ప్రెషర్ పంపు లాగాలి. ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) నుంచి తిరిగొచ్చే పెట్రోలు సర్జ్ ట్యాంకులోకే, పైన పొర్లేది పెద్ద ట్యాంకులోకి. తొందరలో నేనొకసారి ఈ రెండూ తారుమారు చేసి రెండ్రోజులు తల పట్టుకున్నా.

పాత రబ్బరు గొట్టాలు మాత్రం ఉంచకండి, ఈఎఫ్ఐ హోసే (ఇంజెక్షన్ ప్రెషర్ తట్టుకునే గొట్టం) వాడండి. ఇంజిన్ ఆగితే పంపులూ ఆగేలా రిలే (కరెంటు స్విచ్చి) తప్పనిసరి.