పండుగ మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయని డెడికేటెడ్ ఐపీ కొనాలా?

హనుమకొండలో బట్టల షాపు మాది, అమెజాన్ ఎస్ఈఎస్ (గుంపుగా మెయిల్స్ పంపే సేవ) ముంబై రీజియన్ నుంచి బతుకమ్మ, దసరా ఆఫర్లు 30,000 మందికి పంపితే సగం స్పామ్‌లో పడుతున్నాయి, డెడికేటెడ్ ఐపీ (మెయిల్స్ పంపడానికి మనకొక్కరికే కేటాయించే ఇంటర్నెట్ అడ్రస్) తీసుకోవాలా అని ఒకరు అడిగారు.

వద్దు. కొత్త ఐపీకి మంచి పేరు, చెడ్డ పేరు రెండూ ఉండవు. దాని మీద నుంచి సద్దుల ముందురోజు 30,000 మెయిల్స్ ఒక్కసారిగా వదిలితే జీమెయిల్ 421 4.7.28 అనే కోడ్‌తో ఆపొచ్చు. ఈ ఐపీ నుంచి అడగని మెయిల్స్ ఎక్కువగా వస్తున్నాయి, తర్వాత చూద్దాం అని దానర్థం. ఎస్ఈఎస్ స్టాండర్డ్ ఐపీకి ఆటోమేటిక్ వార్మప్ (మెల్లగా సంఖ్య పెంచుతూ ఐపీకి పేరు తేవడం) 45 రోజులు. అంతా అయ్యాక పండుగ దాటి నెల రోజులు ఖాళీగా ఉంచితే ఆ పేరు పోతుంది, మళ్లీ మొదటికి. పంపినా పంపకున్నా ఒక్కో ఐపీకి నెలకు 24.95 డాలర్ల బిల్లు మాత్రం ఆగదు. జాగ్రత్త కోసమని నాలుగు కొంటే ఇంకా నష్టం: ఉన్న కాసిన్ని మెయిల్స్ నాలుగు ఐపీలకు పంచుకుపోయి ఒక్కటీ వేడెక్కదు.

డెడికేటెడ్ ఐపీ రోజూ పెద్ద సంఖ్యలో, నిలకడగా పంపేవాళ్లకు. మడికొండ ఐటీ పార్కులో కూర్చొని దినాం లక్షల్లో ఓటీపీలు, బిల్లులు పంపే కంపెనీకి అది అవసరమే. వాళ్లు కూడా ఓటీపీలకు ఒక పూల్ (ఐపీల గుంపు), ఆఫర్లకు ఇంకో పూల్ పెట్టుకోవాలి. పూల్‌ను కాన్ఫిగరేషన్ సెట్‌కు (ఎస్ఈఎస్‌లో పంపే నియమాలకు పెట్టుకునే ఒక పేరు) కలిపి, పంపేటప్పుడు ఆ సెట్ పేరు ఇవ్వకపోతే మెయిల్ డీఫాల్ట్ దారిన పోతుంది. పూల్ చేసిన కష్టమంతా వృథా.

మీ దగ్గర ముందు చూడాల్సింది ఫ్రమ్ అడ్రస్. చిన్న షాపులు చాలావరకు తమ జీమెయిల్ అడ్రస్‌నే ఎస్ఈఎస్‌లో వెరిఫై చేసి పంపుతాయి. అసలు రోగం అక్కడే. స్పామ్‌లో పడ్డ ఒక మెయిల్ తెరిచి ‘షో ఒరిజినల్’ నొక్కండి. ఎస్పీఎఫ్ (పంపిన సర్వర్‌కు అనుమతి ఉందా అనే పరీక్ష), డీకిమ్ (మెయిల్ మీది డిజిటల్ సంతకం) రెండూ పాస్ అని ఉంటాయి, ఆ రెండింటిలో ఒక్కటైనా ఫ్రమ్ డొమైన్‌తో కలుస్తుందా అని చూసే డీమార్క్ దగ్గర ఫెయిల్ కనిపిస్తుంది. ఎందుకంటే సంతకం అమెజాన్ డొమైన్‌ది, ఫ్రమ్‌లో ఉన్నది జీమెయిల్. ఎంత ఖరీదైన ఐపీ అయినా దీన్ని బాగుచేయలేదు. సొంత డొమైన్ తీసుకోండి, ఎస్ఈఎస్‌లోని ఈజీ డీకిమ్ ఇచ్చే 3 సీనేమ్ రికార్డులు డీఎన్ఎస్‌లో (డొమైన్ సెట్టింగ్స్ ఉండే చోట) వేయండి, ఒక డీమార్క్ టెక్స్ట్ రికార్డు పెట్టండి. రోజుకు 5,000 దాటి జీమెయిల్‌కు పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఇవన్నీ తప్పనిసరి చేసింది. ఆఫర్ మెయిల్స్‌కైతే ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ కూడా ఉండాలి.

ఇంకొకటి, కొన్న లిస్టులు. బిల్లు కౌంటర్‌లో ఇచ్చిన అడ్రస్‌లకు ఎవరో అమ్మిన ఎక్సెల్ షీటు కలిపేవాళ్లను చూస్తే మస్తు బాధనిపిస్తది. బౌన్స్ (చేరక తిరిగొచ్చే మెయిల్స్) 5 శాతం దాటితే ఎస్ఈఎస్ ఖాతాను రివ్యూలో పెడుతుంది, 10 దాటితే పంపడమే ఆపేయొచ్చు. స్పామ్ అని నొక్కే ఫిర్యాదులకు ఆ గీతలు 0.1, 0.5 శాతం. అయితే జీమెయిల్‌లో ఎవరు స్పామ్ నొక్కారో ఎస్ఈఎస్‌కు తెలియదు, డాష్‌బోర్డు పచ్చగా ఉందని నమ్మొద్దు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో (మెయిల్స్ పంపేవాళ్లకు గూగుల్ ఇచ్చే డాష్‌బోర్డు) డొమైన్ చేర్చి స్పామ్ రేటు చూడండి. అది 0.3 శాతాన్ని ఎప్పుడూ తాకకూడదు, 0.1 లోపు ఉంటే మంచిది.

ఈసారి ఆఫర్లు ఎంగిలిపూల నాటికే మొదలుపెట్టండి. కిందటేడు మెయిల్ తెరిచినవాళ్లకు మొదటి రోజు, మిగతావాళ్లకు కొన్ని వేల చొప్పున తర్వాతి రోజుల్లో. ఏడాదిగా ఒక్కటీ తెరవనివాళ్లను లిస్టులోంచి తీసేయండి.