ముహూర్తం కుదిరింది, లెక్కే కుదరలేదు

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 62 వేలు. ఇంట్లో భార్య, ఆరేళ్ల పాప, షుగరున్న అమ్మ. మా ఊరు అనంతపురంలో గానుగ నూనె యూనిట్ పెట్టడానికి శ్రావణంలో ముహూర్తం పెట్టించాం. పర్సనల్ లోన్ 5 లక్షలు (14 శాతం, అయిదేళ్లు), తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాను. షెడ్డుకు 90 వేలు అడ్వాన్సు ఇచ్చాను, అద్దె 15 వేలు. మిషన్లకు ఇంకా ఆర్డరు ఇవ్వలేదు. ఎఫ్‌డీ 4 లక్షలు కలిపినా 2 లక్షలు తక్కువ. పీఎఫ్ తీయాలా, ఆవిడ నగలు కుదువ పెట్టాలా? వచ్చే నెల రాజీనామా చేస్తున్నాను.

జవాబు: రెండూ వద్దు. రాజీనామా అసలే వద్దు.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఊరు మారుతుంది, వ్యాపారం మారుతుంది, వరస మాత్రం ఇదే: ముందు ముహూర్తం, ఆ తర్వాత షెడ్డు, అప్పు, అన్నిటికన్నా చివర లెక్క. మీ ఈఎంఐ దాదాపు 11,630, చేబదులు వడ్డీ 6 వేలు, అద్దె 15 వేలు. ఒక్క సీసా అమ్మకముందే నెలకు 32 వేలు దాటింది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అప్పు తెచ్చి బ్యాంకులో ఉంచి, దానికి వడ్డీ కడుతూ మిషను కోసం ఎదురుచూడటం ఏం తెలివండీ? ఆ 3 లక్షలు ఈ వారమే తిరిగి ఇచ్చేయండి.

ఉత్తరంలో మిషన్ల లెక్క ఉంది. ఇంట్లో బియ్యం, పాప ఫీజు, అమ్మ మందుల లెక్క లేదు. నన్ను భయపెట్టింది అదే. జీతం ఆగిన రోజు నుంచి పన్నెండు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. నెలకు 40 వేలనుకుంటే 4 లక్షల 80 వేలు. అంటే ఆ ఎఫ్‌డీ వ్యాపారానిది కాదు, ఇంటిది. పైగా ఇంకో 80 వేలు అందులో పడాలి. కరెంటు కనెక్షను ఆలస్యమైనా, సరుకు అరువు పోయినా ఆ డబ్బు మీద చెయ్యి పడకూడదు. నగలకూ అదే మాట.

ఇంకొకటి, జీతం స్లిప్పు చేతిలో ఉండగానే టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి. ఉద్యోగం మానేశాక ఆదాయం రుజువు చూపించడం కష్టం. ఆఫీసు ఆరోగ్య బీమా రాజీనామాతోనే పోతుంది. బయట పాలసీలో అమ్మగారి షుగరు లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆ గడువేదో ఇప్పుడే మొదలవనివ్వండి.

ఇక వ్యాపారం సంగతి. లీటరు వేరుశనగ నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి. రోజుకు 20 లీటర్లంటే 50 కిలోలు. కిలో 120 అనుకుంటే నెలకు 26 రోజుల సరుకుకే లక్షన్నర దాటుతుంది. అది మీ అంచనాలో ఉందా? ముందు అక్కడున్న ఏదో ఒక గానుగలో కూలికి ఆడించుకుని, వారాంతాల్లో వెళ్లి ముప్ఫై ఇళ్లకు మూడు నెలలు అమ్మి చూడండి. రెండోసారి ఎందరు అడిగారో, నూనె తీశాక మిగిలే చెక్క ఎవరు కొంటారో నోటుబుక్కులో రాసుకోండి. మిషన్ కొనకముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. పీఎంఈజీపీ లాంటి కేంద్ర పథకాల సబ్సిడీ ప్రధానంగా కొత్త యూనిట్లకే, కొనేశాక వెళ్తే లాభం ఉండకపోవచ్చు.

పర్సనల్ లోన్‌లో మిగిలింది ముందుగా కట్టేస్తే ఎంత రుసుము పడుతుందో బ్యాంకులో అడగండి. తక్కువైతే కట్టేయండి.

షెడ్డు ఓనరుతో మాట్లాడి అద్దె మొదలయ్యే తేదీ వెనక్కి జరపమనండి. ఒప్పుకోకపోతే అడ్వాన్సులో ఎంత వస్తే అంత తీసుకుని వదిలేయండి. మొత్తం 90 వేలూ పోయినా, ఆరు నెలలు ఖాళీ షెడ్డుకు కట్టే అద్దె కూడా సరిగ్గా అంతే.